ఇరవై ఆరు పిలుపులు, ఒక బ్లాక్

కౌలాలంపూర్‌లో మా తెలుగువాళ్ల ఆన్‌లైన్ ఫోరంలో కొత్త సభ్యుల మొదటి పోస్టులు చూసి, స్పామ్‌ను ఏరిపారేయడం నా పని. కిందటేడు ఒక ఆదివారం పొద్దున, గులాబీ బొమ్మ పెట్టుకున్న 'హ్యాపీ రోజ్' అనే కొత్త సభ్యురాలు ఇరవై ఆరు మంది పోస్టుల కింద ఒకే మాట రాసింది: "మా ఇంట పెళ్లి. తప్పక రండి." దాని కింద ఒక లింకు. కొత్తవాళ్ల లింకులు తెరవకూడదని మా నియమం. అన్నీ తుడిచేసి, ఆవిడను బ్లాక్ చేసి, గర్వంగా టీ తాగాను.

ఆ సాయంత్రమే సుంగై సిపుట్ అనే ఊరి నుంచి మా మేనత్త, తన కూతురి పెళ్లికి పిలవడానికి కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. మా ఆవిడకు బొట్టు పెడుతూనే, మాట చివర ఇక్కడివాళ్ల 'లాహ్' తగిలిస్తూ మొదలుపెట్టింది.

"ఫోరంలో సుబలేక లింకెట్టి ఒక్కొక్కరికీ ఏరేగా సెప్పినాను లాహ్. అందరికీ కలిపి ఒక్కసారే సెబితే అది పిలుపేటి? ఎవడో ఎదవ నన్ను బైటికి తోసేసినాడు!"

మా ఆవిడ నావైపు చూసింది. నేను గోడమీది క్యాలెండర్ వైపు చూశాను.

"ఆ ఎదవని నేనే అత్తా."

అత్త మొహం వాడిపోయింది. "అయితే ఆల్లంతా నాను పిలవనేదనుకుంటారు గదరా!"

అక్కడికక్కడే ఫోన్ తీసి, బ్లాక్ ఎత్తేసి, ఇరవై ఆరు పిలుపులూ తిరిగి పెట్టాను.

పెళ్లిరోజు హాలు ముందు అత్త నా చేతికి పన్నీరు బుడ్డి ఇచ్చింది. "కొత్తోల్లని సూసే పని నీదే గదా. గుమ్మం కాడ నిలబడు."

నిలబడ్డాను. వచ్చినవాళ్లలో చాలామంది నాకు ప్రొఫైల్ బొమ్మలుగానే తెలుసు. ఒక్కొక్కరి మీదా విడివిడిగా చల్లాను. అందరి మీదా కలిపి ఒకేసారి చల్లే ధైర్యం నాకు లేకపోయింది.