ఇరవై రెండేళ్ల చుట్టం

మా తాతయ్య దేన్నీ దాని పేరు పెట్టి పిలవలేడు. నోరు బాగానే పనిచేస్తుంది, సిగ్గే అడ్డం. అసలు మాట నాలుక మీదికి వచ్చేసరికి చెవులు రెండూ ఎర్రబడతాయి. గొంతు సవరించుకుని, ఆ మాటని మింగేసి, దాని చోట "అది" అంటాడు. మరీ నిలదీస్తే "అలాంటిదే" అంటాడు. బడికెళ్లిన నాలుగు రోజుల్లో సర్వనామం అంటే ఏమిటో నాకు ఒంటబట్టలేదు గానీ, తాతయ్య పక్కన కూర్చుంటే ఒక్క పూటలో వచ్చేసింది.

ఒకసారి బట్టల కొట్టుకి వెళ్లాడు. కొట్టు నిండా ఆడవాళ్లు. గొంతు తగ్గించి, "లోపలివి ఉన్నాయా?" అని అడిగాడు. కొట్టతను లోపలికి వెళ్లి, ఎన్నాళ్లుగానో అక్కడ పడి ఉన్న మందపాటి దుప్పట్లు రెండు దులుపుకుంటూ తెచ్చాడు. "ఇవేనాండీ?" అన్నాడు. "అలాంటివే," అని తాతయ్య వాటిని చంకన పెట్టుకుని ఇంటికొచ్చి అటక మీద పడేశాడు. ఇంకోసారి డాక్టరుతో "వెనకాల నొప్పి" అన్నాడు. ఆయన వీపంతా పట్టీ వేసి పంపాడు. నెల రోజులు తాతయ్య వీపుకి పట్టీతో, కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చుని పని చేసుకున్నాడు.

నాయనమ్మనైతే నలభై ఐదేళ్లుగా "ఇదిగో" అనే పిలుస్తున్నాడు. ఆవిడ పేరు ఆయన నోట విన్నవాళ్లు లేరు. ఏదో ఫారంలో 'భార్య పేరు' అని ఉంటే, దాని ఎదురుగా 'ఇంట్లోవాళ్లు' అని రాశాడు.

అలాంటి మనిషి గుర్రాన్ని కొన్నాడు.

తాతయ్యది పుస్తకాల బైండింగు పని. ముందు గదిలో కత్తిరింపు యంత్రం, జిగురు డబ్బా, పైకప్పు దాకా కాగితం రీములు. ఆ రీముల్ని పద్దెనిమిదేళ్లు మా గుమ్మంలోకి తెచ్చింది ఒక గుర్రపు బండతను. మోకాళ్లు అరిగిపోయి, పని మానేసి పక్క ఊళ్లో ఉంటున్నాడు. ఒకసారి పలకరించి వస్తానని వెళ్లిన తాతయ్య, తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలకడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?" అంది నాయనమ్మ.

"ఏం లేదు. శుక్రవారం ఒకరు వస్తున్నారు."

"చుట్టాలా?"

"అలాంటిదే."

"మగా, ఆడా?"

చెవులు ఎర్రబడ్డాయి. "ఆడ."

"వయసు?"

"ఇరవై రెండు."

నాయనమ్మ చేతిలో గరిటె గిన్నెలో పడింది. "ఎన్నాళ్లుంటుంది?"

"ఇంక... ఇక్కడే."

"పెళ్లయిందా?"

"అడగలేదు."

"చూడ్డానికి ఎలా ఉంటుంది?"

ఈ ఒక్క ప్రశ్న దగ్గర తాతయ్య సిగ్గుని మరిచిపోయాడు. "కళ్లు బాగుంటాయి," అన్నాడు. "జుట్టు కూడా."

ఆ పూట మా ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి, మనుషులు మాట్లాడుకోలేదు. తెల్లారేసరికి సంగతి వీధి చివరి దాకా పాకింది. ఎదురింటి దర్జీ మిషను ఆపి, "ఏం పెద్దాయనా, కళ్లు బాగుంటాయట!" అన్నాడు. తాతయ్య తల ఎత్తకుండా గోడకి అతుక్కుని నడిచి, తన గుమ్మం దాటి రెండిళ్ల అవతలికి వెళ్లిపోయి, మళ్లీ వెనక్కొచ్చాడు.

ఇక గుర్రాన్ని తెప్పించాలి. లారీ ఆఫీసుకి ఫోను చేశాడు. ఆ సంభాషణని అక్కడి గుమస్తా తర్వాత కనబడ్డవాళ్లందరికీ అభినయించి చూపించాడు కాబట్టి, రెండు వైపులా మాకు కంఠతా వచ్చు.

"సరుకేంటండీ?"

"సరుకు కాదు. ఒకరు రావాలి."

"మనుషుల్ని ఎక్కించమండీ. బస్సులో రమ్మనండి."

"బస్సులో పట్టదు."

"అంత లావా?"

"లావని కాదు. కాళ్లు ఎక్కువ."

"పొడుగా?"

"లెక్కకి."

గుమస్తా కలం కింద పెట్టాడు. "ఎన్నండీ?"

"నాలుగు."

"ఓహో, మంచమా! ఆ మాట ముందే అనొచ్చుగా!"

తాతయ్య తలుపు వైపు చూశాడు. తలుపు వెనక నాయనమ్మ చీర అంచు కనబడుతోంది. "అలాంటిదే," అన్నాడు.

"ఊడదీసి తెమ్మంటారా?"

"వద్దు, వద్దు! ఉన్నదున్నట్టు, నిలబెట్టి తెండి."

"తిరగేస్తే చోటు కలిసొస్తుందండీ."

"బాబ్బాబు, తిరగేయకండి!"

శుక్రవారం వచ్చింది. బండతను ఉంటున్న కొట్టాన్ని శనివారం పొద్దునే కూలగొట్టేస్తారని, ఆయన కూతురింట్లో మూడో అంతస్తు గదికి మారిపోతున్నాడని, లారీ ఖాళీగా తిరిగొస్తే గుర్రం రోడ్డున పడుతుందని మా ఇంట్లో ఒక్క తాతయ్యకే తెలుసు. పొద్దున్నించి ఒకే పుస్తకాన్ని మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాడు.

పదకొండింటికి ఫోను మోగింది. ఎత్తింది నాయనమ్మ.

"అమ్మా, మీ మంచం గడ్డి తింటోంది," అన్నాడు లారీ డ్రైవరు.

నాయనమ్మ ఫోనుని చెవికి దూరంగా జరిపి, దాన్నీ తాతయ్యనీ మార్చి మార్చి చూసి, ఆయన చేతిలో పెట్టింది. అక్కడే నిలబడింది.

డ్రైవరు గొంతు గదంతా వినబడుతోంది. "అయ్యా, ఇక్కడ మంచం లేదు, ఇంకోటుంది. అదేంటో మీ నోటితో చెప్పండి, ఎక్కిస్తాను. లేకపోతే రేపు నా మంచమేదని మీరు నా మీద పడితే?"

"అదే నాయనా, అది."

"ఏది?"

"బండి... లాగేది."

"ఎద్దా?"

"అలాం..." అని తాతయ్య ఆగిపోయాడు. ఆ మాట పూర్తయితే లారీ వెళ్లిపోతుంది. ఎదురుగా నాయనమ్మ. కిటికీలో దర్జీ. చెవులు మండిపోతున్నాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"గుర్రం!" అని కేక పెట్టాడు. "గుర్రమయ్యా! ఆడ గుర్రం! నేనే కొన్నాను!"

జన్మకి సరిపడా దాచుకున్న గొంతంతా అందులో బయటికొచ్చింది. జిగురు డబ్బాలో పుల్ల కదిలింది. నాయనమ్మ రీముల మీద కూలబడింది. ఆవిడకి ముందు వచ్చింది ఊరటో, కోపమో ఆవిడకే తెలియలేదు.

"గుర్రమా!" అంది. "ఈ ముక్క చెప్పడానికా నాలుగు రోజులు నా ప్రాణం తీశారు? వీధిలో తలెత్తుకోలేకపోయాను కదండీ!"

తాతయ్య సూది అందుకున్నాడు. నాలుగోసారి పుస్తకం కుట్టడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం లారీ వచ్చి ఆగింది. కొట్టం తలుపునే ఊడబెరికి, వాలుగా వేసి గుర్రాన్ని ఎక్కించారట. అద్దాల బీరువాలు మోసే బండి కావడంతో చుట్టూ పాత పరుపులు, కింద మందంగా గడ్డి. డ్రైవరు అలవాటు కొద్దీ గాజు సామాను ఉందన్నట్టే మెల్లగా తోలుకొచ్చాడు. పశువుల బండి మాట్లాడి ఉంటే అంత సుఖంగా వచ్చేది కాదు. 'మంచం ఒకటి, కాళ్లు నాలుగూ సరిగా ఉన్నవి' అని రాసిన కాగితం మీద తాతయ్య సంతకం పెట్టాడు.

తెల్లటి ముసలి గుర్రం దిగింది. కళ్లు నిజంగానే బాగున్నాయి. దాని వెనకే, పగ్గం రెండు చేతులా పట్టుకుని, బండతను దిగాడు.

నాయనమ్మ ఇంకా చల్లబడలేదు. "చూశావా, మీ అయ్యగారి నిర్వాకం? గుర్రమని చెప్పుకోడానికి సిగ్గట!"

"ఆయన్ననకండి అమ్మగారూ," అన్నాడు బండతను, తల దించుకునే. "సిగ్గు నాది. పద్దెనిమిదేళ్లు నాకు అన్నం పెట్టిన జీవాన్ని బేరం పెట్టాను. ఆ రోజు అయ్యగారు వచ్చేసరికి అమ్ముతానన్న మాట నా నోట రాక గోడ వైపు తిరిగి నిలబడ్డాను. 'అమ్మమన్నదెవరు? మా ఇంటికి చుట్టంగా పంపు, చుట్టాన్ని చూడ్డానికి వస్తూ పోతూ ఉండు' అన్నారు. నా చేతిలో పెట్టింది కూడా దారిఖర్చులకనే అన్నారు. కొన్నాననే మాట ఎక్కడా అననని నాకు మాటిచ్చారు."

మొత్తం వీధికి వినబడేలా ఆ మాట అరిచిన తాతయ్య, తప్పు చేసినవాడిలా బండతని వైపు చూశాడు. "ఇందాక... కొంచెం అనేశాను," అన్నాడు.

బండతను నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు గానీ, కొంగు దులుపుకుని గుర్రం దగ్గరికి నడిచింది. "ఏమని పిలుస్తావు దీన్ని?" అని అడిగింది.

"బజార్లో 'హై' అనే అంటానమ్మా. ఇంట్లో మాత్రం ముద్దుగా..." అంటూ పేరు చెప్పాడు.

దర్జీ దారం తెగింది. తాతయ్య వంగి గుర్రం డెక్కల్ని శ్రద్ధగా పరిశీలించసాగాడు. పాపం, బండతని తప్పేముంది? పద్దెనిమిదేళ్లు మా గుమ్మంలోకి వచ్చినా నాయనమ్మ పేరుగా ఆయన విన్నది "ఇదిగో" ఒక్కటే. ఆ పేరు ఇక్కడ రాయను. నాయనమ్మ కూడబలుక్కునైనా చదువుతుంది.

ఆవిడ చాలాసేపు గుర్రాన్ని చూసింది, గుర్రం ఆవిడని చూసింది. చివరికి గొంతు సవరించుకుంది. చెవులు కొంచెం ఎర్రబడ్డట్టే ఉన్నాయి.

"ఎండలో నిలబెట్టారేం?" అంది. "ఆ... చుట్టాన్ని వెనక రేకుల షెడ్డులోకి తీసుకెళ్లండి. నువ్వు లోపలికి రా నాయనా. ముందు గదిలో చుట్టానికని పక్క వేసే ఉంది. కాసేపు నడుం వాల్చు. శుక్రవారం శుక్రవారం వస్తూ ఉండు."

తాతయ్య అప్పటికే అటకెక్కాడు. దుమ్ము మధ్య నుంచి మందపాటి దుప్పట్లు రెండు లాగి, ఒకటి బండతని పక్క మీద వేసి, రెండోది గుర్రం వీపు మీద కప్పడానికి పెరట్లోకి బయల్దేరాడు.

"ఏమండీ," అంది నాయనమ్మ, "అంత మంచి దుప్పట్లు మనింట్లో ఎక్కడివి?"

తాతయ్య సిగ్గుపడలేదు, గొంతూ సవరించుకోలేదు.

"లోపలివి," అన్నాడు.