ఎర్రిస్వామి దుంకిన బావి

విడపనకల్లు దగ్గరి పల్లెలో ఏ బావి మోటారు నీళ్లు లాగకపోయినా ఎర్రిస్వామికే కబురు వచ్చేది. అడుగుదాకా మునిగి, గొట్టానికి పట్టిన చెత్త పీకి, తీరుబడిగా పైకి తేలేవాడు. ఆ ఊపిరి చూసే హైస్కూలు డ్రిల్లు మాస్టరు రామదాసు 1978లో అతన్ని హైదరాబాదు ఈత పోటీలకు తీసుకుపోయాడు. అడుగున గచ్చు కనిపించే నీళ్లను ఎర్రిస్వామి చూడటం అదే మొదలు. మలుపు తిరగడం రాక గోడకు మోచేయి గుద్దుకున్నాడు. అయినా రెండు వందల మీటర్లలో రెండోవాడిగా వచ్చాడు. రెండేళ్లకు మొదటివాడయ్యాడు. జాతీయ పోటీలకు పిలుపు వచ్చింది.

అంతలో కరువు. ఊళ్లో సర్పంచి నాగప్ప బావిలో తప్ప ఈదేటన్ని నీళ్లు లేవు. ఆ ఇరుకులోనే ఎర్రిస్వామి గుండ్రంగా తిరిగి తిరిగి, కళ్లు తిరిగి మెట్ల మీద కక్కుకునేవాడు.

ప్రయాణానికి ముందురోజు నాగప్ప బావి దగ్గరే సన్మానం పెట్టించాడు. తాలూకా ఆఫీసరు వచ్చాడు. దండ వేశాక నాగప్ప గట్టు చూపించాడు.

"పైనుంచి దుంకి సారుకు చూపించప్పా."

ఎర్రిస్వామి తొంగి చూశాడు. ఆ ఉదయమే నాగప్ప తన తమలపాకు తోటకు నీళ్లు పెట్టించాడు. నీళ్ల కింద బండ నల్లగా కనిపిస్తోంది.

"నీళ్లు శానా తగ్గిండాయన్నా. మెట్లెంబడి దిగి ఈదతా."

"మెట్లెంబడి ఎనుములూ దిగుతాయి. దానికా సారును పిలిపించింది?"

జనం నవ్వారు. "వద్దు, వచ్చెయ్" అని భార్య బయమ్మ అరిచింది. ఎర్రిస్వామి రామదాసు వైపు చూశాడు, ఈ ఒక్కడైనా వద్దంటాడని.

రామదాసు ఆఫీసరు ముఖం చూసి, "ఒక్కసారి దుంకురా, అయిపోతాది" అన్నాడు.

దూకాడు. నడుము విరిగింది.

బళ్లారి ఆసుపత్రిలో మూడు నెలలున్నాక మంచం మీద ఇంటికి తెచ్చారు. కాళ్లు చచ్చుబడ్డాయి. నాగప్ప చూడవచ్చాడు. క్షమించమంటాడేమో అనుకుని ఎర్రిస్వామి తలగడ మీద కాస్త లేచాడు.

"నీ రక్తం పడిన నీళ్లు ఎవురూ తాగమన్యారు. అంతా తోడి పారబోసినాము. ఇంత కరువులో ఊరికి ఎంత నష్టం తెచ్చినావప్పా!"

ఎర్రిస్వామి మళ్లీ తలగడ మీదకు వాలాడు. "తప్పయిపోయిందన్నా" అన్నాడు.

బయమ్మ ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. నాగప్ప మీదకంటే మొగుడి మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది.

నాలుగేళ్లు బతికాడు. వీపంతా పుండ్లు పడి, 1984 ఎండాకాలంలో పోయాడు. మట్టి చేసిన రోజు రామదాసు రాలేదు. కొత్త ఈతగాణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాదులో ఉన్నాడు.