నీళ్ళ కింద అడగని మాట

జగిత్యాలలో సిరిసిల్ల బస్సెక్కితే, పక్క సీటు అమ్మాయి ఒళ్ళో నీటి అడుగున పెట్టుకునే కళ్ళద్దాలు కనిపించాయి. వాళ్ళింట్లో అందరూ మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళేనట. "నేను అండమాన్‌ల స్కూబా నేర్పుత అంకుల్," అంది. చెరువులో దిగడానికే భయపడే నేను నోరెళ్ళబెట్టాను.

కొడిమ్యాల దాటాక చెప్పింది. "పోయినేడు ఒక పగడాల దిబ్బకు పోయినం. గాడ నీళ్ళ గుంజుడెక్కువ, బాగ అనుభవమున్నోళ్ళనే దిగనిస్తరు. ఏండ్ల సంది సూడాలనుకున్న జాగ. సొరచేపల గుంపు అప్పుడే కనవడ్డది. గంతల నాతోని జోడీగ దిగిన పిల్ల బొటనవేలు లేపింది. పైకి పోదామని సైగ. ఎంబడే ఎనక్కొచ్చినం."

"ఆమెకేమైంది?"

"ఏమో, అడగలే. ఎవలు పోదామన్నా పోవుడే. ఎందుకని పైకొచ్చినంక గూడ అడగద్దు. అడిగితే ఇంకోసారి భయమైనా చెప్పరు. గట్లనే పానాలు పోతయి."

కిటికీలోంచి చూస్తూ మామూలుగా అంది. ఆమె పేరైనా నేను అడగలేదు.

తర్వాత ఓ పొద్దున మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "బాపూ, నేనింటికొస్త."

ఎందుకని నాలుక చివరిదాకా వచ్చింది.

"రా బిడ్డా, కోరుట్ల బస్టాండ్ల ఉంట," అన్నాను.