లాకీషు వాళ్ళ కోసం

నేను కడపలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. మా అమ్మ కోసిగి దగ్గర మా ఊర్లోనే ఉంటుంది. పోయినేడు సెలవులకు ఊరికి పోయినప్పుడు, క్లాసులో చూపించడానికని పెద్దగా ప్రింటు తీయించిన బొమ్మ ఒకటి వెంట తీసుకుపోయాను. రెండువేల ఏడువందల ఏండ్ల కిందటి అష్షూరు రాజు సన్హెరీబు నీనెవెలో కట్టించుకున్న రాజభవనం గోడల మీద చెక్కించిన శిల్పాల్లో అదొకటి.

బైబిల్లో ఉన్న ఆ రాజు పేరు మా చర్చిలో తెలియనివాళ్ళు లేరు. యెరూషలేమును ముట్టడించి, దేవుణ్ణి ఎగతాళి చేసి, సైన్యాన్ని పోగొట్టుకుని, చివరికి కన్నకొడుకుల చేతుల్లోనే చచ్చినవాడు. గర్వం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మా పాస్టరు అయ్యగారు ఆయన్నే తీసుకొచ్చేవారు.

బొమ్మను మంచం మీద పరిస్తే అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

“రాజు యాడుండాడప్పా?”

“ఇందులో లేడమ్మా. వీళ్ళు లాకీషు అనే ఊరోళ్ళు. యెరూషలేం చిక్కలేదు గానీ ఈ ఊరిని పట్టుకున్నాడు. ఊరు ఖాళీ చేయించి జనాన్ని తోలుకపోతాండారు.”

ఎద్దులబండి మీద మూటలు, మూటల మీద ఆడవాళ్ళు, పిల్లలు. ఎద్దు పక్కటెముకలు బయటికి తేలి ఉన్నాయి. అమ్మ ఆ ఎద్దు మీద వేలు పెట్టి శానాసేపు చూసింది.

“సుగ్గికి పోతాండారు” అంది.

వానలు పడని ఏడు మా పక్క జనం ఇండ్లకు తాళాలేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరప కోతకు పోతారు. దాన్నే సుగ్గి అంటాం. నడుము వంగినంతకాలం అమ్మ కూడా పోయింది.

“మళ్ళ వచ్చినారా?”

“రాలేదు. ఎదురు తిరిగిన జనాన్ని దూరదేశాల్లో పడేసేది ఆ రాజు పద్ధతి.”

“ఆడ ఏం పని చేసినారు?”

“ఇట్ల తోలుకొచ్చినోళ్ళతో రాళ్ళు మోయించినాడు, కాలవలు తవ్వించినాడు. కొండల్లో నుంచి తన పట్నానికి నీళ్ళు తెచ్చినాడమ్మా. తోటలు వేయించినాడు.”

అమ్మ నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి ఎదురుచూసిన మనిషి.

“నీళ్ళు తెచ్చినాడంటే మంచిపనే” అంది. “తవ్వినోళ్ళకు అవి దొరికినాయో లేదో.”

నాకు తెలియదన్నాను. నేను చదివినదాంట్లో ఎక్కడా ఆ మాట లేదు.

ఆదివారం చర్చి సగం ఖాళీగా ఉండింది. ఆ ఏడు జనం ముందుగానే సుగ్గికి పోయారు. ముసలివాళ్ళు, వాళ్ళ దగ్గర వదిలిపోయిన పిల్లలు మిగిలారు. ప్రార్థన మనవులు ఏమున్నాయని అయ్యగారు అడిగితే అమ్మ లేచి నిలబడింది.

“లాకీషు వాళ్ళ కోసం చేయాలయ్యా. సన్హెరీబు తోలుకపోయినాడే, వాళ్ళ కోసం.”

అయ్యగారు నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను.

“వాళ్ళు పోయి వేల ఏండ్లయిందమ్మా. చనిపోయినోళ్ళ కోసం మనం ప్రార్థన చెయ్యం గదా” అన్నారు మెల్లగా.

“వాళ్ళ పిల్లల పిల్లలు యాడో ఒకచోట ఉంటారు గదయ్యా. వాళ్ళ కోసం చేయండి.”

అయ్యగారు కండ్లు మూసుకున్నారు. ముందు మిరపచేన్లలో ఉన్న మావాళ్ళ కోసం ప్రార్థించారు. ఆ తర్వాత, ఊరు వదిలి మళ్ళీ తిరిగిరాని లాకీషు ప్రజల సంతానం ఎక్కడున్నా కాపాడమని అడిగారు. రాజు మాట ఎత్తలేదు.

ఇంటికి నడుస్తూ ఎందుకట్లా అడిగావని అమ్మను అడిగాను.

“చేనులో వంగి కోస్తాంటే, ఊర్లో మా కోసం ప్రార్థన చేసేవాళ్ళు ఉండారని ఒక ధైర్యం ఉండేది. వాళ్ళకు వెనకాల ఎవురూ మిగల్లేదు గదప్పా” అంది.

సెలవులయ్యాక క్లాసులో ఆ రాజు పాలన చెప్పాను. ఎప్పుడూ ఆయన పట్టాభిషేకంతో మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి లాకీషుతో మొదలుపెట్టాను. భవనం, కాలవలు, కొడుకులు చేసిన హత్య, కొన్ని తరాలకే నీనెవె మన్నుపాలు కావడం, అన్నీ ఆ తర్వాతే చెప్పాను.