పక్కసీటు బరువు

లాండ్రీలో అందరూ ఆయన్ని లీటరు బాబాయి అంటారు. ఎదురుగా అనరు, ఆయన అటు తిరగగానే అంటారు. బాబాయికి పంతొమ్మిదేళ్ళ పాత పికప్పు బండి ఒకటుంది. ఉతికి మడతపెట్టిన దుప్పట్లనూ తువ్వాళ్ళనూ మూటలుగా లాడ్జీలకూ, ఒక నర్సింగ్ హోముకూ చేరవేయడం, మాసినవాటిని వెనక్కి తేవడం ఆయన పని. ఆ పని సంగతి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. బండి లీటరుకు ఎంతిస్తోందని అడిగారో, ఇక మీరు ఆ పూట ఇల్లు చేరినట్టే.

ఆ బండి చేత డీజిలు తక్కువ తాగించడానికి ఆయన పడని పాటు లేదు. రోడ్డు పక్కన ఎవడో గొంతు చించుకుని అమ్ముతుంటే ఒక అయస్కాంతం బిళ్ళ కొనుక్కొచ్చి డీజిలు పైపుకు బిగించాడు. దాని పక్కనుంచి పారితే డీజిలు బుద్ధిగా మండుతుందట. ట్యాంకులో ఏవో మాత్రలు వేశాడు. టైర్లలో గాలి రాయిలా గట్టిపడేదాకా కొట్టించి, గుంత గుంతకూ నడుము పట్టుకున్నాడు. రోడ్డు కాస్త వాలితే చాలు, గేరు న్యూట్రల్ చేసేసి, విమానం దింపుతున్నవాడిలా మొహం పెట్టేవాడు. మెకానిక్కు షెడ్డు నడిపే బావమరిది మాత్రం ఎప్పుడూ ఒకటే పాట పాడేవాడు. ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించు, టైర్లలో ఉండాల్సినంత గాలే ఉంచు, ఆగినచోట ఇంజను ఆపు. ఇందులో మహిమ ఏమీ లేదు గనక అది బాబాయి చెవికెక్కలేదు.

ఇక పిన్ని. బాబాయి భార్య కాబట్టి లాండ్రీలో ఆవిడ పిన్ని అయింది. పద్నాలుగేళ్ళుగా ఆ బండి పక్కసీటు ఆవిడదే. రెగ్జిను చిరిగితే తనే కుట్టుకుంది. స్ప్రింగు పొడుచుకొస్తే పాత దుప్పటి మడిచి వేసుకుంది. పొద్దున మూటలు బండికెక్కించేటప్పుడు దగ్గర నిలబడి, ఆఖర్న దిగేది అడుగునా మొదట దిగేది పైనా పెట్టించేది. నర్సింగ్ హోము గేటు దగ్గర ఎనిమిది దాటితే రద్దీ అని ముందు అక్కడికి పోనిమ్మనేది. గుట్ట మీది లాడ్జీని చివరికి ఉంచేది, అప్పటికి బండి తేలికవుతుందని. బండి ఆగగానే చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆపేసి, మూట చంకన పెట్టుకుని దిగిపోయేది. ఈ పనులకు ఎవరూ పేరు పెట్టలేదు. అందుకని బాబాయి లెక్కలో పిన్ని బండిలో కూర్చుని ఊరు చూస్తూ ఉండేది, అంతే.

ఒకరోజు బాబాయి ఫోనులో ఏదో చూశాడు. బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుందని ఎవరో చెప్పారు. మాట అబద్ధం కాదు, విన్న బుర్రతోనే చిక్కు. మర్నాడే స్టెప్నీ టైరు దింపేశాడు. జాకీ దింపేశాడు. పనిముట్ల పెట్టె దింపేశాడు. ఇంకేం దింపుదామా అని బండి చుట్టూ రెండుసార్లు తిరిగి పక్కసీటు దగ్గర ఆగాడు. కాసేపు సీటు వంక చూశాడు, తరవాత పిన్ని వంక చూశాడు.

"నువ్వు కూడా ఎన్నాళ్ళని తిరుగుతావులే. కాస్త విశ్రాంతి తీసుకో" అన్నాడు.

ఆ గొంతులో దయ చూసి పిన్నికి ఒళ్ళు మండిపోయింది. తనను తూకం వేసి దింపేస్తూ, అదేదో ఉపకారంలా చెబుతున్నాడు. సాయంత్రానికి నాలుగు బోల్టులూ ఊడదీసి, ఆ సీటును వీధి చివరి సెలూన్‌లో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఇచ్చేశాడు. పిన్ని లాండ్రీలో మడతల గదిలో చేరింది. అక్కడ కిటికీ లేదు. రోజంతా ఆవిరి, ఎదురుగా తెల్లటి గోడ. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ సెలూన్ ముందునుంచే నడవాలి. తను కుట్టిన కుట్ల మీద ఎవరెవరో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేవాళ్ళు. ఆవిడ తల తిప్పుకుని వెళ్ళేది.

మైలేజీ పెరగాలి కదా. పెరగలేదు. పదకొండు ఇచ్చే బండి పదికి దిగింది, నెల తిరిగేసరికి ఎనిమిదికి వచ్చి కూర్చుంది. బాబాయి ఒంటికాలి మీద లేచాడు. బంకువాడు కల్తీ చేస్తున్నాడన్నాడు. రోడ్లు పాడయ్యాయన్నాడు. చివరికి బండిని బావమరిది షెడ్డుకు తోలుకెళ్ళి, ఇంజను పాడుచేశావని మీద పడ్డాడు. బావమరిది బానెట్టు ఎత్తి చూశాడు. ఎయిర్ ఫిల్టరు పొయ్యిలోంచి తీసినట్టుంటే దులిపి శుభ్రం చేసి పెట్టాడు. టైర్లలో గాలి సరిచేశాడు. అయస్కాంతం బిళ్ళను చూసి నవ్వాపుకోలేక అటు తిరిగి నిలబడ్డాడు. అయినా మర్నాడు మైలేజీ తొమ్మిది దాటలేదు.

ఆ వారమే అసలు దెబ్బ తగిలింది. గుట్ట రోడ్డులో టైరు పంక్చరైంది. స్టెప్నీ లేదు, జాకీ లేదు. నర్సింగ్ హోముకు పోవాల్సిన దుప్పట్లతో బాబాయి నడిరోడ్డు మీద రెండు గంటలు నిలబడ్డాడు. అక్కడ ఆపరేషన్లు వెనక్కి జరిగాయి. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే బండిని చూసుకుంటామని వాళ్ళు లాండ్రీకి కబురు పెట్టారు. లాండ్రీ మేనేజరు అదే మాట బాబాయికి చెప్పాడు. నర్సింగ్ హోము పోతే ఆ ముసలి బండికి వేరే పని దొరకదని అందరికీ తెలుసు. బాబాయికీ తెలుసు. ఆ రోజు అన్నం సగంలోనే లేచాడు.

బావమరిది ఇంటికొచ్చాడు. "స్టెప్నీ, జాకీ మళ్ళీ ఎక్కించా బావా. ఇంజన్లో ఏం లేదు. రేపొక్కరోజు అక్కని తీసుకెళ్ళు" అన్నాడు.

"సీటేదీ?" అన్నాడు బాబాయి, అదేదో తన తప్పు కానట్టు.

మర్నాడు పిన్ని పక్కసీటు ఉన్నచోట సబ్బుపొడి డబ్బా ఒకటి బోర్లించి దాని మీదే కూర్చుంది. తనకు ఇష్టమై కాదు, బండి పోతే ఇల్లు గడవదని. మూటలన్నీ దింపించి మళ్ళీ తన వరసలో ఎక్కించింది. ఎనిమిదికి ముందే నర్సింగ్ హోము పని ముగించింది. బండి ఆగిన ప్రతిచోటా చెయ్యి చాపి తాళం తిప్పింది. బాబాయి ఒక్కడే ఉన్నప్పుడు ఇంజను అలా మోగుతూనే ఉండేదని, మరిచిన మూట కోసం వెళ్ళిన వీధికే రెండోసారి వెళ్ళేవాడని, నిండు బరువుతో పొద్దున్నే గుట్ట ఎక్కేవాడని ఆవిడకు ఆ ఒక్కరోజులో అర్థమైంది. డబ్బా అంచు తొడలకు కోసుకుపోతున్నా, వీధులు మళ్ళీ కళ్ళ ముందు కదులుతుంటే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

పొద్దున ట్యాంకు నిండా పోయించారు. సాయంత్రం అదే బంకులో మళ్ళీ నిండా పోయించి లెక్క చూస్తే పన్నెండు. బాబాయి మొహం వెలిగిపోయింది. బంకులో ఉన్న నలుగురినీ పిలిచి బానెట్టు ఎత్తాడు.

"చెప్పానా? అయస్కాంతం పనిచెయ్యడానికి కాస్త టైం పడుతుంది" అన్నాడు.

పిన్ని డబ్బా మీదనుంచి ఆ మాట విన్నది. పద్నాలుగేళ్ళలో ఆయన్ని అనాలనుకుని అనకుండా మింగిన మాటలన్నీ నాలుక చివరికొచ్చాయి.

మర్నాడు పొద్దున బాబాయి వచ్చేసరికి మూటలు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించేసి ఉన్నారు. బండిలో సబ్బుపొడి డబ్బా మీద అయస్కాంతం బిళ్ళ కూర్చుని ఉంది. పిన్ని దాన్ని తమ్ముడి దగ్గర్నుంచి తెచ్చిన స్పానరుతో విప్పి, శుభ్రంగా తుడిచి మరీ పెట్టింది.

"దాన్నే తీసుకెళ్ళండి. నాకంటే తేలిక" అని మడతల గదిలోకి వెళ్ళిపోయింది.

బాబాయి పౌరుషంగా బండి తీశాడు. పావుగంటలో పిన్ని ఫోను మోగింది. అవతల ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఏదో కూడలిలో ఆగి ఉన్నాడు, తాళం తిప్పలేదు. నర్సింగ్ హోము మూట ఎక్కడుందో కనబడటం లేదట. అడుగునెక్కడో ఉందట. టైము ఏడున్నర దాటిందట. ఇదంతా ఎవరో వేరేవాళ్ళ మీద ఫిర్యాదులా చెప్పుకొచ్చాడు. పిన్ని ఊకొట్టకుండా దుప్పటి మడతపెడుతూ విన్నది. కాసేపటికి ఇంజను చప్పుడు ఆగింది. ఆయనే ఆపాడు.

"ముందు ఎక్కడికి పోనివ్వమంటావు?" అని అడిగాడు, గొంతు బాగా తగ్గించి.

పిన్ని దుప్పటి పక్కన పెట్టి, గోడకు తగిలించిన సంచి అందుకుంది.

"ముందు సెలూన్‌కి" అంది. "బోల్టులు నాలుగూ నా దగ్గరే ఉన్నాయి."