నాగుల పంచమినాడు పెట్టిన పెనం

నాగుల పంచమినాడు మా ఇంట్లో పొయ్యిమీద పెనం పెట్టకూడదు. పెడితే నాగప్ప పడగ కాలుతుందని, ఆ పాపం ఇంట్లో పసిబిడ్డకు తగులుతుందని అత్త చెప్పేది. ఆ రోజు కత్తిపీట మూలన పడుండేది, ఎవరూ నేల తవ్వేవారు కాదు. కౌతాళం దగ్గరి ఆ పల్లెకు నేను కోడలినై వచ్చిన రెండో ఏడది. కొడుక్కి ఐదు నెలలు.

అప్పట్లో తుంగభద్ర కాలువ తవ్వుతున్నారు. నా మొగుడు అక్కడ కూలికి పోయేవాడు. పండగైనా పని ఆగలేదు.

"ఈ పొద్దు గడ్డపార ముట్టొద్దు నాయినా, మట్టి మోసి రా," అని అత్త ఒట్టు వేయించుకుని మరీ పంపింది.

అత్తా నేనూ పుట్టకు పాలు పోసి, నువ్వుండలు పెట్టి వచ్చాం. అత్త ఇరుగమ్మలతో ఉయ్యాల ఊగడానికి పోయింది. ఇంతలో బిడ్డ కడుపునొప్పితో కాళ్లు ముడుచుకుని గుక్కపట్టాడు. అలవాటు కొద్దీ తమలపాకుకు ఆముదం రాసి, వెచ్చచేద్దామని పెనం పొయ్యిమీద పెట్టాను. ఆముదం చుక్క జారి బుస్సుమంది. అప్పటికి గానీ నాకు పండగ గుర్తు రాలేదు. నా బుద్ధి గడ్డి తిన్నదని తిట్టుకుంటూ, కాలుతున్న పెనాన్ని కొంగుతో పట్టుకుని గాదె వెనక దాచాను.

వెచ్చబడిన ఆకు పొట్టమీద వేశాక బిడ్డ నిద్రపోయాడు. ఏడ్చినంతసేపూ లేని భయం, వాడు నిద్రపోయాక పట్టుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి ఎన్నిసార్లు చూశానో! అత్త తిరిగొచ్చాక ఆమెకు చెప్పే ధైర్యం లేకపోయింది.

దీపాలవేళకు మొగుడొచ్చాడు. కాళ్లైనా కడుక్కోకుండా నేరుగా బిడ్డ ఉయ్యాల దగ్గరికి నడిచాడు.

"బిడ్డ బాగుండాడా?"

"ఏంటికట్ల అడుగుతాండావు?"

"గడ్డపార పట్టినా. పట్టకుంటే రేపట్నుంచి రావద్దన్నాడు మేస్త్రీ. పుట్ట పగిలింది."

నా తప్పొక్కటే అయితే ఎలాగో దణ్ణాలు పెట్టుకుందామనుకున్నాను. "నేనూ పెనం పెట్టినా," అన్నాను. కోప్పడినా బాగుండేది. గోడకు చేరగిలబడిపోయాడు.

ఇద్దరం బిడ్డ నుదురు తాకి చూశాం. నాకు వాడి ఒళ్లు కాలిపోతున్నట్టు తోచింది. ఆయనకూ అంతే. అత్తను పిలిచాం.

ఆమె నుదురు చూసింది, పొట్ట చూసింది. "సల్లగుండాడు కదప్పా," అంది. తర్వాత మా ఇద్దరి చేతులూ పట్టుకుంది. "మీ సేతులే కడవనీళ్ల మాదిరి సల్లబడినాయి. ఏం జేసినారు మీరిద్దరూ?"

నేను బిడ్డను ఎత్తుకున్నాను, ఆయన కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. ఆ ఏడంతా, బిడ్డ తుమ్మినా సరే, ఆమె చూడకుండా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం.