తెర మీద కొడుకు ఓడ

కనకయ్య చేతులకు ఊరుకోవడం తెలియదు. పొట్టకూటికి వలస వచ్చిన ఉధ్నాలో మగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగును దారానికి దారం అతికి, మిగిలిన తోకలు కత్తిరించి శుభ్రం చేయడమే ఆయన బతుకు. కరోనా వచ్చి మగ్గాలు మూతపడ్డాక, పడవల్లో దారి చూపే కరెంటు తెరలూ తీగలూ బిగించే రాంప్రసాద్‌కు సాయంగా హజీరా రేవుకు పోసాగాడు. దారమైతేనేం, తీగైతేనేం, అతుకు అతుకే అనుకున్నాడు.

ఆ రోజు మాత్రం పని ఒక సాకు. కొడుకు రాఘవ ఖలాసీగా ఉన్న సరుకు ఓడ రేవుకు దూరంగా లంగరు వేసి ఉంది. రాఘవ ఒప్పందం ఎప్పుడో ముగిసింది. రోగం భయంతో ఎవరినీ దిగనివ్వడం లేదు. కొడుకు ముఖం చూసి ఏడాది దాటింది. ఆ ఓడకు కూరగాయలు, మంచినీళ్లు చేర్చే పడవలోనే ఇవాళ పని. పోటు ఉండగానే బయలుదేరాలి. నీళ్లు తీశాయంటే పడవ బురదలో కూర్చుంటుంది. రేపటికి ఓడ ఉండదు.

రాంప్రసాద్ ఒక కొత్త పెట్టె బిగించాడు. ఓడలన్నీ తమ పేరు, పోయే దారి గాలిలో చెప్పుకుంటూనే ఉంటాయట. ఈ పెట్టె అది విని, ఒక్క తీగ మీద పడవలోని తెరలన్నింటికీ పంచుతుందట. కనకయ్య సగం నమ్మాడు, సగం నవ్వుకున్నాడు. తెరలు బాగానే వెలిగాయి. తీరా తాడు విప్పే వేళకు తెరల మీది ఓడలన్నీ మాయమయ్యాయి. సముద్రం మీద కమ్మిన పొగమంచులో ఓడల మధ్యకు గుడ్డిగా పోనని పడవ నడిపే హీరాభాయ్ ఇంజను ఆపేశాడు.

నీళ్లు తగ్గుతున్నాయి. రాంప్రసాద్ తీగ పొడవునా తడుముకుంటూ చివరికి చేరాడు.

"కనకన్నా, గీ కొసకున్న బుడిపె ఏది?"

కనకయ్య జేబులోంచి తీశాడు. "దానికి ఏం తగిలిచ్చి లేదు గదా సారూ. ఉత్తదే అనుకొని నేనే తీసిన."

ఊరికే ఉన్న ప్రాణానికి ఉరి పెట్టుకున్నట్టయింది ఆయనకు. కొడుకును చూసే దారి తన చేతులే మూసేశాయి.

"ఉత్తది కాదన్నా. తీగల పోయే మాట కొస తాకి ఎనుకకు మళ్లితే, మాట మీద మాట పడి ఏదీ సమజ్ కాదు. గిది అక్కడ్నే ఆపుతది," అంటూ రాంప్రసాద్ బుడిపెను బిగించాడు.

తెరలన్నీ ఒక్కసారే నిండాయి. బయట చూస్తే పొగమంచు తప్ప ఏమీ లేదు. తెర మీద మాత్రం చిన్న చిన్న త్రికోణాలు, ఒక్కోదానికీ ఒక పేరు. కంటికి ఆనని సముద్రమంతా జనంతో నిండి ఉందని కనకయ్యకు అప్పుడు తెలిసింది. రాంప్రసాద్ వేలు పెట్టి చూపించాడు: "గిదే మీ రాఘవ ఓడ."

"మరి మనం గూడ ఆళ్లకు కనవడ్తమా?"

"ఎందుకు కనవడం? మన పెట్టె గూడ మన పేరు చెప్తనే ఉన్నది."

పడవ కదిలింది. హీరాభాయ్ రేడియోలో ఓడవాళ్లకు తాము వస్తున్నామని చెప్పి, రాఘవ తండ్రి కూడా వెంట ఉన్నాడన్నాడు. కాసేపు గరగర. తర్వాత ఒక గొంతు.

"బాపూ, నువ్వు వస్తున్నది తెర మీద చూస్తున్ననే. గట్లనే సీదా రా."

కనకయ్య పడవ ముందు భాగానికి పోయి నిలబడి, ఇంకా కనిపించని ఓడ వైపు రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు.